రొయ్యల చెరువులో నీలి టోపీ

నేను ఒక తొడుగును. రొయ్యల చెరువులో వాటికి ఊపిరాడాలని చక్రాలతో నీళ్లు చిలికే ఏరియేటర్ల మీద మోటారు ఉంటుంది కదా, దాని మీద బోర్లించే ఫైబర్ టోపీని. నరసాపురం దాటి సముద్రం వైపు మీరెప్పుడైనా బస్సులో వెళ్లి ఉంటే రోడ్డుకు రెండు పక్కలా చెరువులూ, చెరువుల్లో తెల్లటి నురగా, ఆ నురగ మధ్య నీలం మూతలూ కనబడే ఉంటాయి. అవేమిటని మీరు ఎవరినీ అడిగి ఉండరు. ఆగి అడగాలనిపించే రూపం కాదు నాది.

మోటారుకు గండాలు రెండు. ఒకటి నీరు, రెండోది వేడి. నీరు పడకుండా నాలుగువైపులా మూసేస్తే లోపల ఉడికి చస్తుంది. వేడి పోవాలని తెరిచిపెడితే ఉప్పునీటి తుంపర తగిలి చస్తుంది. ఈ రెండింటికీ మధ్య దారి వెతికి నన్ను చేసినవాడు మైల వసంతరావు. అతడు నన్ను తలపెట్టింది మాత్రం మోటారు మీద జాలితో కాదు.

వసంతరావుది ఏటిగట్టున చిన్న తాటాకు షెడ్డు. చిల్లులుపడిన ఫైబర్ పడవలకు మాట్లు వేయడం అతని పని. మాట్లకు పూసే రెజిన్ జిగురు ఘాటుకు కళ్లెప్పుడూ ఎర్రగానే ఉండేవి, అందుచేత అతడు ఎప్పుడు ఏడ్చాడో, ఎప్పుడు ఏడవలేదో ఎవరికీ తెలిసేది కాదు. నేను పుట్టకముందు సంగతులు నాకెలా తెలుసని అడక్కండి. నన్ను చేస్తున్నన్నాళ్లూ ఆ షెడ్డులో నడిచిన మాటలన్నీ అవే.

అతనికి ధనరాజు అని ఒక తమ్ముడు. వేటలో చేపలు తగ్గిపోయాక ధనరాజు ఒక రొయ్యల చెరువుకు కాపలా చేరాడు. అక్కడి ఏరియేటర్ మోటారుకు వైర్లు కలిపేచోట ఉండవలసిన మూత ఎప్పుడో ఊడిపోతే, ఎవరో పాలకవరు చుట్టి దారంతో కట్టారు. ఉప్పునీరు ఆ కవరును ఏం లెక్కచేస్తుంది? ఒకరోజు పొద్దున ధనరాజు నీళ్లలో దిగి, పక్కకు జరిగిపోయిన ఏరియేటర్‌ను నెట్టబోయి దాని ఇనుప చట్రం పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు మళ్లీ వదల్లేదు. గట్టు మీది వాళ్లు అతడు నిలబడి ఏదో చూస్తున్నాడనుకున్నారట.

"వాడి రాత" అన్నారు ఊళ్లో. రాత ఎలా ఉంటుందో చూద్దామని వసంతరావు ఆ చెరువుకు వెళ్లాడు. అప్పటికే ఆ మోటారును విప్పి వైండింగు చేయించి పెట్టేశారు. తమ్ముడి దినం ఇంకా కాలేదు, మోటారు మాత్రం బాగుపడి చెరువులో తిరుగుతోంది.

ఆ మర్నాటినుంచి అతడు పడవల పని పక్కనపెట్టి మూతలు చేయడం మొదలుపెట్టాడు. ధనరాజు భార్య అనంతలక్ష్మి చేపలమ్ముకునే తట్టనే బోర్లించి అచ్చుగా వాడాడు. తట్ట పోయిందని ఆమె అలగలేదు. బేరం అయ్యాక షెడ్డుకొచ్చి, ఫైబర్ చాపను కత్తిరించి ఇస్తూ కూర్చునేది. ధనరాజు పోయాక ఇంట్లో ఒక్కతే ఉండలేకపోయేదేమో, నాకు తెలియదు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు.

మొదటి మూత కుండలా ఉంది. చుక్క నీరు లోపలికి పోదు. అరువు తెచ్చిన మోటారు మీద పెట్టి తిప్పితే కాసేపటికే కమురు వాసన వచ్చింది. తీసి చూస్తే మోటారు నల్లగా మాడి ఉంది.

అనంతలక్ష్మి అంది: "ఊపిరాడకుండా మూతెడితే మనిసే బతకడు. మోటారెలా బతుకుద్ది బావగారూ?"

రెండో మూతకు కన్నాలు పెట్టాడు. గాలితోపాటు నీళ్లూ వచ్చాయి. మూడోదాన్ని అతడే కోపంతో కాలితో తన్ని పగలగొట్టాడు. తర్వాత వానలు పట్టాయి. చేసే పని లేక ఇద్దరూ షెడ్డులో కూర్చున్న ఒక మధ్యాహ్నం జోరుగా వాన కురుస్తోంది. తాటాకు కప్పు మీంచి నీళ్లు ధారలుగా జారుతున్నాయి గాని లోపల ఒక్క బొట్టు పడలేదు. అయినా ఆకుల వరసల సందుల్లోంచి చల్లగాలి వచ్చి వసంతరావు మెడకు తగులుతోంది. అతడు తలెత్తి కప్పుకేసి చూశాడు. చాలాసేపు అలాగే చూశాడు.

"ఏంటి బావగారూ, కారతందా?"

"లేదమ్మాయ్. కారట్లేదు. అదే చూత్తన్నాను."

అలా పుట్టాను నేను. నా పక్కల్లో ఒకదానిమీద ఒకటి కప్పుతూ కిందికి వంగిన రెక్కలున్నాయి. తుంపర వచ్చి రెక్క మీద పడి జారిపోతుంది. గాలి కిందినుంచి దూరి, మోటారు ఒళ్లు తడిమి, వేడెక్కి, నా నడినెత్తిన ఉన్న చిన్న గొడుగు కిందనుంచి బయటికి పోతుంది. పడవలకు వేయగా మిగిలిన నీలంరంగు నాకు పూశారు. పొద్దుటినుంచి చీకటిపడే దాకా మోటారు తిప్పి, బకెట్లతో నీళ్లు కొట్టి, చివరికి నన్ను ఎత్తి చూశారు. లోపలంతా పొడి. అనంతలక్ష్మి మోటారు మీద అరచెయ్యి పెట్టింది. జొరం వచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూసింది.

"గోరువెచ్చగా ఉంది బావగారూ, అంతే" అని, ఆ చెయ్యి అక్కడే ఉంచి, "ఇంకే ఆడదానికీ నాలాటి రోజు రాకూడదు" అంది. వసంతరావు రెజిన్ డబ్బాకు మూత పెట్టుకున్నాడు.

నన్ను కొన్నవాడు బండారు వీరభద్రరావు. అందరూ భద్రంగారనేవారు. కౌలుకు చెరువులు చేసేవాడు. ఆయన చెడ్డవాడని మీరు అనుకోకూడదు. పనివాళ్లతోపాటు గట్టు మీదే కూర్చుని అన్నం తినేవాడు, కాపలావాడి భార్యకు జబ్బు చేస్తే తన మోటారు సైకిల్ మీదే ఆసుపత్రికి తీసుకెళ్లినవాడు. నన్ను చేతిలోకి తీసుకుని రెక్కల్లో వేళ్లు పెట్టి చూసి ముచ్చటపడ్డాడు.

"మోటార్లు కాలి కాలి పేనాలు తోడేత్తన్నాయయ్యా. ఇది ఆపుద్దా?"

"ఆపుద్దండి. అయితే ఇదొక్కటే చాలదండి. మోటారుకెళ్లే వైరు అతుకుల్లేకుండా ఉండాలి. గట్టు మీద ట్రిప్ స్విచ్చు పెట్టించండి. కరెంటు నీళ్లలోకి కారితే అదే పడిపోద్ది. ఇది మనిసి కోసం చేసిందండి."

"ఆ, ఆ. పెట్టిద్దాం. ముందు మోటారు కాలకుండా చూడు."

స్విచ్చు నిజంగానే పెట్టించాడు. అబద్ధమాడే మనిషి కాదు.

ఆ చెరువు కాపలాదారు పేరు ఇశ్రాయేలు. గట్టు మీది రేకుల పాకలో అతడూ భార్య కరుణమ్మా ఉండేవారు. ఇశ్రాయేలు మంచి గాయకుడు. తన ఊరి చర్చిలో క్రిస్మస్‌కు పాడాలని అతని కోరిక. ఏటా ఆ రోజులకు రొయ్యలు సరిగ్గా చేతికొచ్చే అదను, చెరువు వదిలి వెళ్లడానికి వీలుపడేది కాదు. అందుకని మాకే పాడేవాడు. మోటార్ల హోరు మీద గొంతు వినబడాలంటే బాగా ఎత్తి పాడాలి. దోనెలో మేత చల్లుకుంటూ పాడుతూ వచ్చి, నా దగ్గర ఆపి, తడి తువ్వాలుతో నా మీది ఉప్పుపొర తుడిచేవాడు. ఏరియేటర్లన్నిటి మీదా నాలాటివే వచ్చాక కూడా మొదట వచ్చినదాన్ననేమో, నన్ను తుడిచాకే తక్కినవాటి దగ్గరికి పోయేవాడు.

"ఏరా టోపీ, మీ ఓడికి చెమట పడతందా?" అని అడిగేవాడు. మా ఓడంటే నా కింది మోటారు.

కరుణమ్మ గట్టు మీంచి కేకేసేది: "ఆ టోపీతో మాటాడినన్ని మాటలు నాతో మాటాడవేం?"

"అది ఎదురు చెప్పదే!"

ఆమె నవ్వుతూ కంచం తీసుకుని లోపలికి పోయేది, అతడు వెనకే పరిగెత్తేవాడు. నా జీవితంలో సుఖపడిన కాలం ఏదని అడిగితే ఆ రోజులే అని చెబుతాను.

మోటార్లు కాలడం ఆగిపోయింది. ఆ కబురు చెరువు నుంచి చెరువుకు పాకింది. వసంతరావు షెడ్డు ముందు ఆటోలు ఆగసాగాయి. రొయ్యల రైతులు సభ చేసి అతనికి శాలువా కప్పారు. తర్వాత కొన్నాళ్లకు అతడు మమ్మల్ని చూసుకోవడానికి చెరువుకొచ్చి, ఇశ్రాయేలు పక్కన గట్టు మీద కూర్చుని ఆ సంగతి చెప్పాడు.

"అందరూ మోటారు గురించే మాటాడారు ఇశ్రాయేలూ. కరెంటు ఎంత కలిసొచ్చింది, వైండింగు ఖర్చెంత తగ్గింది. మా తమ్ముడి పేరు ఒక్కడూ ఎత్తలేదు. మా అనంతలచ్చి ఎనక కుర్చీలో కూర్చుంది. చప్పట్లు కొడతంటే తనూ కొట్టింది."

ఇశ్రాయేలు టీ గ్లాసు అతని చేతిలో పెట్టాడు.

వసంతరావు అడిగాడు: "ట్రిప్ స్విచ్చు పనిచేత్తందా?"

"ఉందండి. కానీ దాన్ని తప్పించి కలిపేశామండి."

"ఎవరు కలపమన్నారు?"

"నేనేనండి" అన్నాడు ఇశ్రాయేలు. "అయ్యగారు వద్దనే అన్నారు. అది పడితే మొత్తం ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆగిపోతన్నాయండి. చినుకు పడినా పడిపోద్ది, మంచు కురిసినా పడిపోద్ది. నేను భోజనానికెళ్లినప్పుడు పడిందనుకోండి, వచ్చేసరికి రొయ్యంతా తేలిపోద్ది. ఏడాది కష్టవండి. నాకు నిద్రే పట్టేది కాదు. నేనే కాళ్లా వేళ్లా పడి తీయించేశాను."

"నీ పేనం కంటే రొయ్య ఎక్కువా?"

ఇశ్రాయేలు నవ్వాడు. నాకేసి చెయ్యి చూపించాడు.

"నాకేటవుద్దండి? తవరు చేసిన టోపీ ఉందిగా."

వసంతరావు ముఖం పాలిపోవడం నేను చూశాను. టోపీ మోటారును కాస్తుంది గాని మోటారు దాకా వచ్చే వైరును కాయదని విడమరిచి చెప్పాడు. వెదురు గుంజకు కట్టిన వైరు అతుకు దగ్గరికి స్వయంగా నీళ్లలో దిగి, పాత టేపు ఊడదీసి, కొత్తది చుట్టి, పైకెత్తి కట్టాడు. భద్రంగారితో మాట్లాడి కొత్త వైరు వేయించి, స్విచ్చు కూడా మళ్లీ కలిపిస్తానని చెప్పి వెళ్లాడు. ఇశ్రాయేలు అన్నిటికీ "ఆయ్" అన్నాడు. అతడు మంచివాళ్ల మాట కాదనేవాడు కాదు. భద్రంగారు కూడా కాదనలేదు. ఈ పట్టుబడి అయిపోయి రొయ్యలు తీసేయగానే చెరువు ఎండగట్టి, వైర్లన్నీ కొత్తవి వేసి స్విచ్చు కలుపుదామన్నాడు. నిండా రొయ్య ఉన్న చెరువులో పని పెట్టుకోవడం ఎవరికి ఇష్టం?

ఆ ఏడు పట్టుబడి క్రిస్మస్‌కు ముందే అయ్యేటట్టుంది. ఇశ్రాయేలు పాటలు ఎక్కువయ్యాయి. కరుణమ్మ ప్రయాణానికి అతని తెల్ల చొక్కా ఉతికి పాక ముందు ఆరేసింది.

అప్పుడే ముసురు పట్టింది. సూర్యుడు కనబడడు, గాలి ఆడదు. అలాటి రోజుల్లో నీళ్లలో ఊపిరి తగ్గిపోతుంది, పగలు కూడా మమ్మల్ని తిప్పవలసిందే. మధ్యాహ్నం వేళ రొయ్యలు అంచులకొచ్చి మీసాలు పైకెత్తి తిరగడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడు నా ఏరియేటర్ చక్రానికి నాచు చుట్టుకుంది. చక్రం మూలుగుతూ తిరుగుతోంది. ఇశ్రాయేలు గట్టు మీంచి చూశాడు. స్టార్టరు పెట్టె దాకా వెళ్లాడు కూడా. ఆపితే అన్నీ ఆగుతాయి. చేతిని స్విచ్చు మీదే ఉంచి రొయ్యల వైపు చూశాడు, తర్వాత చెయ్యి తీసేశాడు.

"కూడు చల్లారిపోతంది!" అని కరుణమ్మ పిలిచింది.

"చిటికెలో వచ్చేత్తాను!"

నీళ్లలో దిగి నా వైపు వచ్చాడు. వసంతరావు కట్టిన అతుకు గట్టిగానే ఉంది. కానీ ముసురుకు గుంజ వదులై, పక్కకు ఒరిగి, వైరు మరోచోట నీళ్లను తాకుతోంది. అక్కడ దాని తొక్క ఎండకు ఎప్పుడో చిట్లింది. అది ఎవరూ చూడలేదు. ఇశ్రాయేలు ఒరిగిన గుంజను చూసి, నిలబెడదామని ఒక చేత్తో ఆ చిట్లినచోటే వైరు పట్టి పైకెత్తాడు. రెండో చేత్తో ఆసరాకు నా అంచు కింది చట్రం పట్టుకున్నాడు.

అతని బరువంతా నా మీదికి వచ్చింది. పాడే గొంతు ఒక్క శబ్దమైనా చేయలేదు. నా కింద మోటారు చల్లగా, హాయిగా తిరుగుతూనే ఉంది.

కరుణమ్మ కేక విని పక్క చెరువు కాపలాదారు పోలయ్య పరిగెత్తుకొచ్చాడు. నీళ్లలోకి దూకబోతున్న ఆమెను నడుం పట్టి వెనక్కి లాగి, గట్టు మీద పడేసి, వెళ్లి మెయిను కట్టేశాడు. చెరువంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ముసురు పట్టినప్పటినుంచి ఆ చెరువు మీద అంత నిశ్శబ్దం లేదు. ఆ నిశ్శబ్దంలో ఇశ్రాయేలు నెమ్మదిగా నా మీంచి నీళ్లలోకి జారాడు.

జనం వచ్చారు, పోలీసులు వచ్చారు, మనిషిని తీసుకెళ్లారు. మెయిను మళ్లీ వేయాలని ఎవరికీ తోచలేదు. తోచినా వేయడానికి ఎవరికి చేతులొస్తాయి? సాయంత్రానికి రొయ్యలన్నీ తేలిపోయాయి. భద్రంగారు ఆసుపత్రి నుంచి వచ్చి, గట్టు మీద కూలబడి, తెల్లబడ్డ చెరువుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఏ రొయ్య కోసమైతే ఇశ్రాయేలు నీళ్లలో దిగాడో ఆ రొయ్యలో ఒక్కటీ దక్కలేదు.

మర్నాడు వసంతరావూ అనంతలక్ష్మీ వచ్చారు. అనంతలక్ష్మి తిన్నగా పాకలోకి వెళ్లి కరుణమ్మ పక్కన కూర్చుంది. తెల్ల చొక్కా ఇంకా బయట దండెం మీదే తడుస్తుంటే లేచి వెళ్లి తీసి, పిండి, మడతపెట్టి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. కరుణమ్మ అప్పుడు ఏడ్చింది.

వసంతరావు నన్ను ఎత్తి మోటారు చూశాడు. భద్రంగారు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నీ టోపీ తప్పేం లేదు వసంతరావూ. అందరికీ చెబుతాను. మోటారు పొడిగా ఉంది."

అనంతలక్ష్మి పాకలోంచి వచ్చి వసంతరావు వెనక నిలబడింది.

"మోటారు బాగుందా బావగారూ?"

"బాగుందమ్మా."

"మరి మనం ఎవరి కోసం చేశాం?"

అతడు నన్ను గట్టు మీద పెట్టి, పక్కనే కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ రోజు షెడ్డులో లేడు, రెజిన్ ఘాటు లేదు. ఏడుస్తున్నాడని అందరికీ తెలిసింది.

తర్వాత అతడు చాన్నాళ్లు టోపీలు చేయలేదు. ఇశ్రాయేలు స్విచ్చును ఎందుకు తీయించాడో అదే ఆలోచిస్తూ గడిపాడు. ఒకటి పడితే అన్నీ ఆగడమే కదా కష్టం. అందుకని ప్రతి ఏరియేటర్‌కూ వేరే వైరు లాగి, గట్టు మీద దేని స్విచ్చు దానికి ఉండే పెట్టె చేశాడు. ఎక్కడ కరెంటు కారితే ఆ ఒక్కటే పడుతుంది, తక్కినవి తిరుగుతుంటాయి. పెట్టె లోపల ఎండకు ఉడకకుండా దానికీ నా రెక్కలే పెట్టాడు. వైరూ పెట్టే కలిపి తీసుకోకపోతే టోపీ అమ్మనని చెప్పేశాడు. భద్రంగారు అప్పుచేసి మొదటి పెట్టె పెట్టించుకున్నాడు. చాలామంది మాత్రం వేరేచోట నాలాటి టోపీలే చౌకగా దొరుకుతుంటే అక్కడికి పోయారు. వసంతరావు మళ్లీ పడవలకు మాట్లు వేసుకుంటూ, అడిగిన కొద్దిమందికే పెట్టెలు చేసి ఇచ్చాడు.

కరుణమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి కుదిరింది. అనంతలక్ష్మి ఆమెను తన ఇంటికే తీసుకెళ్లి ఉంచుకుందని పోలయ్య ఎవరితోనో చెబుతుంటే విన్నాను. ఆమె మళ్లీ ఈ గట్టు ఎక్కలేదు.

నేను కూడా ఎంతోకాలం పనిచేయలేదు. ఎండకు నా రంగు వెలిసింది, రెండు రెక్కలు విరిగాయి. ఇప్పుడు పాక వెనక పగిలిన ఫ్లోట్లు, చినిగిన వలలు, పనికిరాని చక్రాల కుప్పలో పడి ఉన్నాను. నా గుంటలో వాననీరు నిలిస్తే కప్పలు వస్తాయి. మొన్నొక నడివయసు మనిషి కొత్తగా కాపలాకు వచ్చాడు, పేరు సుందరయ్య. అంతకుముందు ఈ చెరువులో ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈవేళ మధ్యాహ్నం అతడు చక్రానికి చుట్టుకున్న నాచు తీద్దామని నీళ్లలో దిగాడు. ఇంకా నాలుగడుగులు వేస్తే ఏరియేటర్ దగ్గరికి చేరేవాడు. గట్టు మీద పెట్టెలో టక్కుమని చప్పుడైంది. ఆ ఒక్క ఏరియేటర్ ఆగిపోయింది.

సుందరయ్య నీళ్లలో నిలబడి తిట్టాడు. "దిక్కుమాలిన పెట్టి! ఎప్పుడూ ఇదే వరస!" గట్టెక్కి వచ్చి, వైరు పొడుగునా చూసుకుంటూ పోయి, చిట్లినచోటు కనిపెట్టి, కొత్త ముక్క వేసి బిగించాడు. అంతా అయ్యేసరికి పొద్దు వాలింది. పాకలోంచి అతని భార్య అన్నానికి పిలిచింది.

"ఈ పెట్టి ఎవడు కనిపెట్టాడో గాని, సగం రోజు తినేసిందే!" అని గొణుక్కుంటూ, తడి కాళ్లతో నా పక్కనుంచి నడిచి, అన్నం తినడానికి లోపలికి వెళ్లాడు.